ఏరోడ్రోం అప్పాజీ

మూడో గేదె మాత్రం ఓ పట్టాన కదల్లేదు. మొదటి రెండూ అప్పాజీ సైకిలు బెల్లు వినగానే తప్పు చేసి దొరికిపోయినట్టు తలలు దించుకుని పొలాల వైపు నడిచిపోయాయి. ఇది మలుపు దగ్గర పేర్చిన గడ్డిమోపుల గోడలోకి మెడదాకా దూరి, కళ్లు అరమూసుకుని నములుతోంది. అప్పాజీ సైకిలుకి స్టాండు వేసి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి దాని వీపు మీద మెల్లగా కొట్టాడు.

“ఒసే, ఇది మేత కాదే. కార్లు దొర్లిపడితే మనుషులు బతకాలని కట్టిన గోడ. మీ రాజుగారే అమ్మిన గడ్డి. మళ్లీ నువ్వొచ్చి తినేస్తే ఎలాగ?”

గేదె ఇంకో పిడికెడు లాక్కుని, తీరిగ్గా కదిలింది. గోడలో గుమ్మమంత కంత పడింది. ఆ కంతలోంచి అప్పాజీకి రన్‌వే చివరిదాకా కనిపించింది. పల్చగా పరుచుకున్న మంచు, తూర్పు కొసన గోనెపట్టాలు కప్పుకున్న ధాన్యం రాశులు, దూరంగా కోరుకొండ మీద ఇంకా ఆరని గుడి దీపం. అతనికి ఎందుకో నవ్వొచ్చింది. ఇవాళ రేసు. మధ్యాహ్నానికల్లా ఈ దారి మీద ఏడు దేశాల కార్లు పరిగెడతాయి. వాటికోసం తను పొద్దున్నే గేదెలు తోలుతున్నాడు. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎవరికుంటుంది?

అప్పాజీ సన్నగా, పొడుగ్గా, ఓ పక్కకి వంగి పెరిగిన తాడిచెట్టులా ఉంటాడు. ఏళ్ల తరబడి ఎదురుగాలిలో సైకిలు తొక్కడంవల్ల ఆ వంపు వచ్చిందంటుంది అతని భార్య పాపాయి. ఖాకీ చొక్కా ఉతికి ఉతికి గంజి రంగుకొచ్చింది. భుజాల మీది పట్టీలు మాత్రం ఇప్పటికీ కొత్తగా నిలబడి ఉంటాయి, వాటిని ఆవిడ ప్రత్యేకంగా ఇస్త్రీ చేస్తుంది. మడమలు బీటలు వారి ఎండాకాలం చెరువులా ఉంటాయి. మొలతాడుకి తాళాల గుత్తి. ముందు ఆ గుత్తి చప్పుడు వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు.

ఊళ్లో అందరూ ఏరోడ్రోం అంటారు గానీ అక్కడ విమానం దిగి చాలా కాలమైంది. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్లు వేసిన రన్‌వే అది. అప్పుడు పోయిన పొలాల్లో అప్పాజీ తండ్రి చేను కూడా ఉంది. ఆయన తన చేను మీద తనే కంకర పరిచి, కూలి పుచ్చుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకునేవాడట. అప్పాజీ పుట్టింది ఆ ఏడే. పెద్దయ్యాక వాచ్‌మన్ ఉద్యోగం కూడా అక్కడే దొరికింది. మధ్యలో కొన్నేళ్లు చిన్న విమానం ఒకటి వచ్చేది. ఆ రోజుల్లో అప్పాజీ ముందుగా వెళ్లి కుక్కల్ని తరిమి, గాలి ఎటుందో చూపించే గుడ్డసంచి ముడి విప్పి, విమానం దిగేదాకా చెయ్యెత్తి నిలబడేవాడు. చెయ్యెత్తమని అతనికెవరూ చెప్పలేదు. ఆ తర్వాత విమానమూ మానేసింది. గుడ్డసంచి చిరిగినప్పుడల్లా పాపాయి తన పాత లంగా గుడ్డతో మాసిక వేసేది. జీతం వస్తూనే ఉంది, అప్పాజీ రోజూ సైకిలు మీద ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.

కోతలైన దగ్గర్నుంచి సంక్రాంతిదాకా చుట్టుపక్కల రైతులందరూ రన్‌వే మీదే ధాన్యం ఆరబోసుకుంటారు. అంత నున్నని, అంత పొడుగాటి కళ్లం జిల్లాలో ఇంకెక్కడా లేదు. అది కూడదని గేటు దగ్గర బోర్డుంది. ఆ బోర్డు కింద నిలబడే అప్పాజీ రైతులకి గేటు తీసేవాడు. వాళ్ల నాన్నల పొలాలు ఆ తారు కిందే ఉన్నాయి మరి.

ఇక రేసు సంగతి. ఆసియా దేశాల్లో ఏడాదికోచోట తిరిగే రేసు ఒకటుంది. నేలకి కరుచుకున్నట్టుండే చిన్న కార్లు, వాటి వెనక లారీలు, టైర్లు, మెకానిక్కులు, పెద్ద సంత. రాజమండ్రి కుర్రాడు ఉదయ్‌కుమార్ మద్రాసులో ఆ రేసులు నడిపే క్లబ్బులో పనిచేస్తున్నాడు. వాళ్లకి స్థలం దొరక్క తంటాలు పడుతుంటే, చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్న రన్‌వే గుర్తొచ్చి, ఢిల్లీదాకా తిరిగి అనుమతులు తెచ్చి, రేసుని ఇక్కడికి పట్టుకొచ్చాడు. ఇది మూడో ఏడు. నాలుగో ఏడు కూడా ఇక్కడే జరగాలా వద్దా అన్నది పైవాళ్ల మనిషి, వాల్టర్ అనే తెల్లాయన, ఇవాళ చూసి చెప్పాలి.

సూర్యుడు తాడిచెట్ల మీదికొచ్చేసరికి జీపులో ఉదయ్‌కుమార్, వాల్టర్ దిగారు. వాల్టర్‌కి అరవై దాటి ఉంటాయి. ఎర్రగా కందిపోయిన మొహం, మోకాళ్ల పైకి నిక్కరు, మెడలో విజిలు. నేరుగా గడ్డిగోడలో పడిన కంత దగ్గరికెళ్లి, అందులో తల పెట్టి, అప్పాజీ చూసినట్టే అవతలికి చూశాడు.

“ఏమైందని అడుగుతున్నారండి,” అన్నాడు ఉదయ్‌కుమార్.

“గేదె తినేసిందని చెప్పండి బాబూ. అబద్ధమెందుకు?”

ఉదయ్‌కుమార్ చెప్పాడు. వాల్టర్ కాసేపు గోడ వైపూ గేదెల వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత భుజాలు ఊగేలా నవ్వాడు. ఉదయ్‌కుమార్ మాత్రం నవ్వలేదు.

కంత పూడ్చడానికి కొత్త మోపులు తెచ్చేలోపు పాపాయి కేరియరు పట్టుకొచ్చింది. పొట్టిగా, గట్టిగా, నుదుట రూపాయంత బొట్టుతో ఉంటుందావిడ. రేసు వాళ్ల కోసం పెసరట్లు వేసి, అల్లప్పచ్చడి గిన్నెడు పెట్టి తెచ్చింది. ముగ్గురూ గడ్డిమోపుల మీద కూర్చున్నారు. వాల్టర్ మొదటి ముక్క తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, ఇంకా పచ్చడి కావాలని వేలు చూపించాడు.

“బాబూ, ఒక మాట అడగొచ్చా?” అన్నాడు అప్పాజీ. “ఇంత పేరున్న రేసు కదా. దీనికో సొంత చోటంటూ లేదేంటండి? ఏడాదికో ఊరు, ఏడాదికో దేశం.”

ఉదయ్‌కుమార్ నిట్టూర్చాడు. “ఏం చెప్పనండి. ఒకచోట ముందు ట్రాకు కట్టారు, తర్వాత దాని చుట్టూ జనం ఇళ్లు కట్టుకున్నారు. కట్టుకున్నాక చప్పుడని గొడవ. ఇంకోచోట గవర్నమెంటు మారింది. పాతాయన తెచ్చిన రేసు కొత్తాయనకి గిట్టలేదు. ఓ దేశంలోనైతే రాజభవనంలాంటి ట్రాకు కట్టారండి, జనమే రాలేదు. ఇంకోచోట జనం వచ్చారు, తిన్నగా ట్రాకు మీదికే వచ్చేశారు.”

అప్పాజీ మోకాలు చరుచుకుని నవ్వాడు. “మరి మన దగ్గర?”

“మన దగ్గర జనమున్నారు, రోడ్డుంది, గొడవ పెట్టేవాళ్లు లేరు. గేదెలున్నాయి. ధాన్యం ఉంది.”

“ఆ తేదీ సంక్రాంతి దాటాక పెట్టుకోకూడదా బాబూ? అప్పటికి ధాన్యం ఎత్తేస్తారు.”

“నేనూ అదే అడిగానండి. ప్రపంచం మొత్తమ్మీద వాళ్లకి ఖాళీ ఉన్నది డిసెంబరులో ఈ ఒక్క వారమేనట. ఆ ధాన్యమే జరపకూడదా అని వాళ్లు నన్నడిగారు.”

ఆ మాటకి పాపాయి కూడా నవ్వింది. ఏం నవ్వుతున్నారో చెప్పమని వాల్టర్ అడిగితే ఉదయ్‌కుమార్ ఇంగ్లీషులో చెప్పాడు. వాల్టర్ నవ్వుతూనే తన ఊరి సంగతి చెప్పుకొచ్చాడు. అడవి పక్కన వాళ్ల ఊరి ట్రాకు. చిన్నప్పుడు కంచె మీదెక్కి రేసులు చూసేవాడట. ఇప్పుడక్కడ మేడలు లేచాయి, ఒకప్పుడు కార్లు తిరిగిన మలుపులో పిల్లల బడి ఉందట. అప్పట్నుంచి తను రేసులకి చోటు వెతుకుతూ తిరుగుతూనే ఉన్నానన్నాడు.

“పాపం,” అంది పాపాయి, ఇంకో పెసరట్టు వడ్డిస్తూ.

తినడం అయ్యాక వాల్టర్ దారి చూసి రావాలని తెల్ల కారు తెప్పించాడు. స్టీరింగు తనే పట్టుకుని, పక్క సీటు మీద అరచేత్తో తట్టి అప్పాజీ వైపు చూశాడు. అప్పాజీకి అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పులు విప్పి, ఓ పక్కగా పెట్టి, అప్పుడెక్కాడు. ఉదయ్‌కుమార్ వెనకాల కూర్చున్నాడు.

కారు కదిలింది. ముందు మామూలుగానే ఉంది. అంతలో ఎవరో వెనక్కి తోసినట్టు అప్పాజీ వీపు సీటుకి అతుక్కుపోయింది. తన రన్‌వే, రోజూ తాపీగా తొక్కుకుంటూ వెళ్లే రన్‌వే, చాప చుట్టినట్టు కారు కిందికి చుట్టుకుపోతోంది. ఎక్కడ తారు లేచిందో, ఎక్కడ పల్లేరుకాయలుంటాయో, ఏ పగుల్లో తొండ కాపురముంటుందో అతనికి తెలుసు. అవేవీ కనబడలేదు. నాన్న చేను వస్తోందని మాత్రం తెలిసింది. “బాబూ, ఇదిగో, ఇక్కడే మా నా...” అనేసరికి చేను దాటిపోయింది.

“ఏంటండీ?” అరిచాడు వెనకనుంచి ఉదయ్‌కుమార్.

రెండో చుట్టులో అప్పాజీ జాగ్రత్తపడ్డాడు. మలుపు తిరగ్గానే గొంతెత్తి మొదలెట్టాడు. “మా నాన్న చేనండి, ఇక్కడ్నుంచి, ఇదిగో ఇక్కడిదాకా!” ఈసారి మాటా చేనూ ఒక్కసారే అయిపోయాయి. అప్పాజీ పెద్దగా నవ్వాడు. అతని కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. గాలివల్ల కావచ్చు. ఉదయ్‌కుమార్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మూడో చుట్టులో వాల్టర్ వేగం తగ్గించి, సరిగ్గా అక్కడే కారాపి, దిగాడు. టోపీ తీసి కాసేపు ఆ తారు వైపు చూశాడు. అప్పాజీ ఏడుకొండలవాడి గుళ్లో ఉన్నట్టు ఉత్త కాళ్లతో పక్కనే నిలబడ్డాడు.

పొద్దెక్కేకొద్దీ జనం కట్టలు తెంచుకొచ్చారు. రాజమండ్రి నుంచి బస్సులు, సీతానగరం నుంచి ట్రాక్టర్లు, భీమవరం కాలేజీ కుర్రాళ్లు మోటారుసైకిళ్ల మీద. బజ్జీల బళ్లు, చెరుకురసం బళ్లు, రంగుల రాట్నం కూడా ఒకటి. విమానాల షెడ్డు నిండా రేసు కార్లు. వాటి ఇంజన్లు గొంతు సవరించుకున్నప్పుడల్లా కొంగలు పొలాల్లోంచి గుంపుగా లేస్తున్నాయి. మైకు దగ్గర గణేష్‌బాబు. కోరుకొండ తిరనాళ్లలో నాటకాలకి మైకు చెప్పే మనిషి. జపాను పేర్లు నోరు తిరక్క, “రెండో నంబరు బాబు గారు, నాలుగో నంబరు బాబు గారు” అంటున్నాడు.

తూర్పు కొసన తాళ్లు కట్టి, ఇనప గేటొకటి పెట్టారు. గేటుకవతల ధాన్యం, ఇవతల రేసు. రేసు అయ్యేదాకా గేటు తియ్యకూడదని ఒప్పందం. అందుకు ఒప్పుకున్నది రైతుల తరఫున పల్లంరాజు గారు. తెల్లని పంచె, తెల్లని మీసం, ఎవరితోనైనా అండీ అనే మాట్లాడతారు. అప్పాజీ, పాపాయి ఆయన దగ్గర కౌలుకి తీసుకున్న ముక్కలో పండిన పంట కూడా ఆ రాశుల్లోనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి గాలి తిరిగింది. గుడ్డసంచి ఒక్కసారి వాలిపోయి, మళ్లీ లేచి రెండో వైపుకి తిరిగి బిగుసుకుంది. సముద్రం వైపునుంచి మబ్బు వస్తోంది. అందరూ చూశారు. మబ్బంటే మామూలు మబ్బు కాదు. కింది అంచు నల్లగా, నేలని రాసుకుంటూ, చూస్తుండగానే ముందుకొస్తోంది. రైతులు బరకాలు పరవడం మొదలెట్టారు. బరకాలు సగం రాశులకి కూడా చాలవు.

రెండేళ్ల కిందటి తుఫాను అక్కడున్న వాళ్లెవరూ మర్చిపోలేదు. అప్పుడు తడిసిన ధాన్యం రాశుల్లోనే మొలకెత్తింది. ఆ ఏడంతా ఊరు ఊరంతా ముక్కిన వాసనేసే అన్నమే తిన్నారు. పాపాయి ఆ అన్నంలో మజ్జిగ పోసుకుని, కళ్లు మూసుకుని మింగేది.

పల్లంరాజు గారు గేటు దగ్గరికొచ్చారు. “ఏమండీ అప్పాజీ,” అన్నారు, “మాటిచ్చాం, కాదనను. కానీ ఎత్తి పెట్టుకోడానికి మీ షెడ్డు తప్ప ఇంకో కప్పు లేదు. షెడ్డుకి రావాలంటే ట్రాకు దాటాలి. ఏం చేద్దామంటారు?”

ఆయన వెనకాల పాపాయి చేతిలో పార పట్టుకుని నిలబడింది. మొగుడి మొహం వైపు చూసింది, మబ్బు వైపు చూసింది, మళ్లీ వెళ్లి ధాన్యం కుప్పెయ్యసాగింది.

అప్పాజీ చెయ్యి మొలతాడుకున్న గుత్తి మీదికి పోయింది. తీసెయ్యొచ్చు. కానీ ఇది ఉదయ్ బాబు ఢిల్లీ చుట్టూ తిరిగి తెచ్చిన రేసు. ఇది పోతే ఆ కుర్రాడి పేరు పోతుంది. అదొక్కటే కాదు, తనకీ ఇదంటే ప్రాణం. ఏడాదంతా కార్లొచ్చే ఆ మూడు రోజుల కోసం ఎదురుచూస్తాడు. ఇన్నేళ్లలో ఎవరైనా వస్తారని చెయ్యెత్తి నిలబడితే, నిజంగా వచ్చింది వీళ్లే.

సైకిలెక్కి నిటారుగా నిలబడి తొక్కుకుంటూ కార్లు బారులు తీరిన చోటికెళ్లాడు. రేసు మొదలవడానికి ఇంకాస్సేపే ఉంది. డ్రైవర్లు హెల్మెట్లు తగిలించుకుంటున్నారు. ఉదయ్‌కుమార్ పచ్చజెండా పట్టుకుని ఉన్నాడు.

“బాబూ, నేను గేటు తీస్తానండి.”

“ఏంటండీ?”

“ధాన్యం తడిసిపోద్ది. మీకు తెలీకుండా తియ్యడం నాకిష్టం లేదు. అందుకని చెప్పడానికొచ్చాను.”

ఉదయ్‌కుమార్ ఒకడుగు దగ్గరికొచ్చాడు. “అప్పాజీ గారూ, ఇప్పుడు కాదండి. వాల్టర్ గారు చూస్తున్నారు. గేటు తీశారంటే ఇక అంతే, ఈ రేసు మనకి ఉండదు. ఒక్క గంట. వర్షం పక్కకి పోవచ్చు కదా.”

“పోవచ్చు బాబూ. పోకపోతే?”

ఉదయ్‌కుమార్ తల తిప్పి మబ్బు చూశాడు. అతను కూడా గోదారి ఒడ్డున పుట్టిన వాడే. ఆ నలుపు ఎలాంటిదో తెలుసు. జెండా మెల్లగా కిందికి దించాడు. దించి, దాన్ని చుట్టి, చంకలో పెట్టుకుని, వాల్టర్ దగ్గరికి నడిచాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం అప్పాజీ దూరం నుంచి చూశాడు. వాల్టర్ తూర్పు వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, రాశుల దగ్గర అటూ ఇటూ పరిగెడుతున్న మనుషుల్ని చాలాసేపు చూశాడు. తర్వాత మెడలోని విజిలు నోట్లో పెట్టుకుని, చెవులు చిల్లులు పడేలా ఊదాడు. మెకానిక్కులందరూ తిరిగారు. షెడ్డు చూపించి, బస్తాలు చూపించి, రెండు చేతులూ ఊపాడు.

అప్పాజీ గేటు తీశాడు.

ఆ తర్వాత జరిగింది ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట పల్లంరాజు గారి ట్రాక్టరు ట్రాకు మీదికొచ్చింది. దాని వెనక నాలుగు ఎడ్లబళ్లు, వాటి వెనక నెత్తిన బస్తాలతో మనుషులు. రేసు మెకానిక్కులు టైర్లు మోసే తోపుడుబళ్లు ఖాళీ చేసుకుని ఎదురొచ్చారు. మలేషియా డ్రైవరొకడు మెరిసిపోయే ఎర్ర సూట్లోనే రాశిలోకి దిగి గోనెసంచి నోరు పట్టుకున్నాడు, పాపాయి పారతో ఎత్తి పోసింది. సంచి ఎలా పట్టుకోవాలో వాడికి తెలీక సగం కిందే పోయింది. ఆవిడ వాడి మోచెయ్యి పట్టుకుని పైకెత్తి, “అలాగుంచు నాయనా, అలాగే” అంది. వాడలాగే ఉంచాడు. చూడ్డానికొచ్చిన జనం తాళ్లు దాటి లోపలికొచ్చి, రాశుల దగ్గర్నుంచి షెడ్డుదాకా బారుగా నిలబడ్డారు. బస్తాలు చేతులు మారుతూ పోయాయి. అంబులెన్సు కూడా వెనక తలుపులు బార్లా తెరుచుకుని బస్తాలు మోసింది.

గణేష్‌బాబుకి పూనకం వచ్చింది. పొద్దున్నుంచీ జపాను పేర్లతో చచ్చీచెడీ ఉన్న మనిషి, ఇప్పుడు ఊరివాళ్ల పేర్లు దొరికేసరికి మైకు వదల్లేదు.

“ముందంజలో రాజుగారి ట్రాక్టరు! రాజుగారి ట్రాక్టరు! వెనకే వస్తున్నాయి బుల్లియ్య గారి ఎడ్లు, ఆగేలా లేవండీ! అదిగో తెల్లబాబు తోపుడుబండి ఎడ్లని దాటేసింది! దాటేసింది! అయ్యో, చక్రం ఊడింది, పట్టుకోండి బాబూ పట్టుకోండి! మూడో మలుపు దగ్గర పాపాయి గారి బస్తాలు! అమ్మా, కాస్త దారివ్వండి, పాపాయి గారి బస్తాలొస్తున్నాయి!”

జనం ఈలలు వేశారు. రేసుకి కొట్టాల్సిన చప్పట్లన్నీ బస్తాలకి కొట్టారు. అప్పాజీ సైకిలు కేరియరు మీద ఒక బస్తా, ముందు కడ్డీ మీద ఒక బస్తా వేసుకుని తోసుకొస్తుంటే, వాల్టర్ వెనకనుంచి సాయం పట్టాడు. ఆయన టోపీ ఎక్కడో పడిపోయింది. మొహమంతా ధాన్యం దుమ్ము. దురదకి మెడ గోక్కుంటూ, ఏదో ఇంగ్లీషు పాట పాడుతున్నాడు.

చివరి బళ్లు షెడ్డులోకి దూరుతుంటే వాన పడింది. కంకర పోసినట్టు రేకుల మీద ఒక్కసారే పడింది. బయట ఉండిపోయిన కాస్త ధాన్యం, రెండు రాశుల మేర, కళ్లముందే తడిసింది. తక్కినదంతా లోపలుంది. రేసు కార్ల మధ్య, కార్ల పైన, టైర్ల వెనక, ఎక్కడ చూసినా బస్తాలే. వాటి మీద కూర్చుని ఏడు దేశాల వాళ్లూ, మూడు ఊళ్ల వాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరు ముందు మొదలెట్టారో గానీ, షెడ్డు కప్పు లేచిపోయేలా నవ్వారు. బజ్జీల బండి ఆయన పొయ్యితో సహా లోపలికొచ్చేశాడు. మిరపకాయ బజ్జీ కొరికిన జపాను డ్రైవరు గెంతుతుంటే ముసలమ్మలు వాడికి బెల్లంముక్క పెట్టారు. పల్లంరాజు గారు తడిసిన మీసం పిండుకుంటూ ఒక్కొక్క మెకానిక్కు దగ్గరికీ వెళ్లి, వాళ్లకి అర్థమవుతుందో లేదో చూసుకోకుండా, “చాలా సంతోషమండి, చాలా సంతోషమండి” అంటూ దణ్ణం పెట్టారు.

వాన తగ్గేసరికి చీకటి పడుతోంది. రన్‌వే మీద మడమలోతు నీళ్లు. రేసు మాటెవరూ ఎత్తలేదు. అప్పాజీ షెడ్డు గుమ్మంలో గొంతుక్కూర్చుని బయటికి చూస్తుంటే వాల్టర్ వచ్చి పక్కన అలాగే గొంతుక్కూర్చోబోయి, కుదరక బస్తా మీద కూర్చున్నాడు. ఉదయ్‌కుమార్ వచ్చి నిలబడ్డాడు. వాల్టర్ నెమ్మదిగా మాట్లాడాడు. ఉదయ్‌కుమార్ అంతకన్నా నెమ్మదిగా తెలుగులో చెప్పాడు.

“ఇన్నేళ్లలో ఇంత మంచి రేసు రోజు చూడలేదంటున్నారండి. కానీ రేసు ఇక్కడికి ఇంక రాదంటున్నారు.”

అప్పాజీ తలూపాడు. “గేదెల వల్లనాండి?”

వాల్టర్ కాదన్నట్టు చెయ్యి ఊపి ఇంకా ఏదో చెప్పాడు. ఉదయ్‌కుమార్ మాటలు కూర్చుకున్నాడు.

“ఊరికే పడి ఉన్న రన్‌వే అని చెప్పి నన్ను తీసుకొచ్చారు. మూడేళ్లూ అలాగే అనుకున్నాను. ఇది ఊరికే పడి లేదు, దీని నిండా మనుషులున్నారు, రేసుకి చోటు లేదు, అంటున్నారండి.”

అప్పాజీ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత లేచి, భుజాల మీది పట్టీలు సర్దుకున్నాడు. వాల్టర్ చెయ్యి చాపాడు. అప్పాజీ తన చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పాపాయి గిన్నెలో మిగిలిన అల్లప్పచ్చడి సీసాలోకి ఎత్తి, మూత బిగించి తెచ్చిచ్చింది.

“బాబూ, మీకు మాటొచ్చింది నావల్ల,” అన్నాడు అప్పాజీ ఉదయ్‌కుమార్‌తో.

“నేను కూడా దించాను కదండీ జెండా,” అన్నాడు ఉదయ్‌కుమార్. “ఇంటికెళ్తే మా అమ్మ అన్నం పెట్టేదా నాకు, లేకపోతే?” నవ్వడానికి ప్రయత్నించి, నిజంగానే నవ్వాడు.

తెల్లారేసరికి లారీలు వెళ్లిపోయాయి. అప్పాజీ గేటు తీసి, ఒక్కొక్క లారీ దాటుతుంటే చెయ్యెత్తి నిలబడ్డాడు. ఆఖరి లారీలోంచి ఎర్ర సూటు కుర్రాడు తలుపు అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. ఆ మరుసటేడాది రేసు ఏదో దేశంలో సముద్రపు ఒడ్డున జరిగిందనీ, అక్కడా కుదర్లేదనీ ఉదయ్‌కుమార్ ఎప్పుడో కలిసినప్పుడు చెప్పాడు. అప్పాజీ ఆ వార్త విని, పాపాయికి చెబితే, ఆవిడ మళ్లీ పాపం అంది.

లారీలు వెళ్లిన రెండో రోజుకి ఎండ కాసింది. తడిసిన రెండు రాశుల ధాన్యం పల్చగా పరిచి, ఆరాక, తప్పా తాలూ పోవడానికి ఎగరబోయాలి. ఎత్తయిన పీట కోసం వెతికితే షెడ్డు వెనక ఒకటి కనిపించింది. గెలిచినవాళ్లని నిలబెట్టి కప్పు ఇవ్వడానికి మద్రాసునుంచి తెచ్చిన చెక్కమెట్లు. ఎవరూ గెలవలేదు కాబట్టి దాన్ని విప్పనే లేదు, లారీలో చోటు లేక వదిలేసి పోయారు. అప్పాజీ, ఇంకో ఇద్దరూ మోసుకొచ్చి గాలికెదురుగా పెట్టారు. పాపాయి చేట పట్టుకుని, మొదట గెలిచినవాళ్ల కోసం ఎత్తుగా చేసిన నడిమెట్టు మీదికెక్కింది. ధాన్యం బంగారపు జల్లులా కిందికి జారుతుంటే తాలు ఎగిరి రన్‌వే మీదుగా పోయింది.

సాయంత్రం అందరూ ఇళ్లకి పోయాక కూడా ఆ చెక్కమెట్లు అక్కడే ఉన్నాయి. ఎత్తు తక్కువైన రెండు మెట్ల మీదా పొట్టు పేరుకుంది, తెల్లరంగు వేసిన ఎత్తుమెట్టు మీద మాత్రం రెండు పాదాల మేర దుమ్ము లేకుండా చెక్క మెరుస్తోంది.